ఎముకల గదికి తాళం వెయ్యాలా?

మన సంఘం ప్రత్యేక సంచికలో కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి అధికారికంగా రాయగల పెద్దలు చాలామంది వున్నారు. వారి పనికి నేను అడ్డు రాను. ఉద్యోగమంతా రికార్డు సెక్షనులో పాత ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి కనుక, దాచవలసినది ఏది, నలుగురికీ చూపవలసినది ఏది అన్న ప్రశ్న నన్ను రిటైరైన తరువాత కూడా వదిలిపెట్టలేదు. అదే ప్రశ్నను కాగితాల విషయంలో కాక, ఎముకల విషయంలో లోకం ఎలా ఎదుర్కొన్నదో పాఠక మిత్రుల ముందుంచాలని ఈ వ్యాసం.

మానవుడు ఎక్కడి నుంచి వచ్చాడో చూపించే గదులు మ్యూజియాలలో ఏర్పడినప్పటి నుంచీ మత విశ్వాసం గల పెద్దలు కొందరు వాటికి అభ్యంతరం చెబుతూనే వున్నారు. ఈ తగవు వయస్సు సుమారు నూరేళ్ళు. న్యూయార్కులో జరిగింది, వాషింగ్టన్‌లో కోర్టుకెక్కింది, నైరోబీలో వీధిన పడింది. ముందుగా నైరోబీ సంగతి చెబుతాను.

తుర్కానా కుర్రవాడు

ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశంలో, ఉత్తరాన తుర్కానా అనే పెద్ద సరస్సు వుంది. 1984 ఆగస్టులో దాని పడమటి వైపున నరియోకొటోమె అనే చోట రిచర్డ్ లీకీ అనే శాస్త్రజ్ఞుడి బృందం గుడారాలు వేసుకుని శిలాజాల కోసం గాలిస్తోంది. ఆ బృందంలో కమోయా కిమెయు అనే ఆయన వున్నాడు. పెద్ద చదువులు చదివినవాడు కాడు. 1960 ప్రాంతంలో రిచర్డ్ తండ్రి లూయీ లీకీ దగ్గర తవ్వకాలలో కూలిపనికి చేరి, కేవలం చూపు పదును వల్ల ఆ దేశంలోకెల్లా పేరుమోసిన శిలాజాన్వేషకుడైనాడు. అందరూ విశ్రాంతి తీసుకునే సెలవు రోజున ఆయన ఊరికే కూర్చోలేక ఎండిన ఏటి గట్టున నడుస్తూ, నల్లటి గులకరాళ్ళ మధ్య అగ్గిపెట్టెంత ఎముక ముక్కను చూశాడు. రాయి రంగూ ఎముక రంగూ ఒక్కటే. అయినా అది పుర్రె ముక్క అని ఆయన కన్ను పట్టేసింది.

తరువాత కొన్ని సంవత్సరాలు అక్కడ తవ్వితే ఒకే కుర్రవాడి ఎముకలు నూరుకు పైగా దొరికాయి. అంత పాతకాలపు మానవ జాతి అస్థిపంజరం అంత సంపూర్ణంగా దొరకడం అపురూపం. చనిపోయేనాటికి వాడి వయస్సు పన్నెండు లోపే వుంటుందని, ఎత్తు మాత్రం అయిదడుగులు దాటి వుంటుందని అంచనా. మనలాగే నిటారుగా నడిచాడు. మెదడు మాత్రం మనకన్న చిన్నది. వీడిని శాస్త్రజ్ఞులు 'హోమో ఎరెక్టస్' అనే జాతిలో చేర్చారు.

వాడు బ్రతికినది సుమారు 15 లక్షల సంవత్సరాల క్రితం. ఈ లెక్క ఎలా తేలిందని మీరడగవచ్చు. తుర్కానా ప్రాంతంలో పూర్వం అగ్నిపర్వతాలు పేలినప్పుడల్లా బూడిద పొరలుగా పడింది. ఆ బూడిదలోని పొటాషియంలో ఒక రకం, కాలం గడిచేకొద్దీ ఆర్గాన్ అనే వాయువుగా మారుతుంది. ఆ మార్పు వేగం స్థిరమైనది. ఉన్నదాంట్లో సగం తరగడానికి 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. పర్వతం పేలిన వేడికి అప్పటికి వున్న ఆర్గాన్ పోతుంది కనుక గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. ఎముకకు పైన వున్న బూడిద పొర వయస్సు, కింద వున్న పొర వయస్సు తెలిస్తే, ఎముక వయస్సు ఆ రెంటికీ మధ్య వుంటుంది. ఇనవర్డ్ రిజిస్టరులో ముందు తపాలు నంబరు, వెనుక తపాలు నంబరు చూసి మధ్య కాగితం ఏ రోజుదో చెప్పడం మనకు అలవాటే గదా, ఇదీ అటువంటిదే.

ఆ అస్థిపంజరానికి నైరోబీ మ్యూజియం వారు కె.ఎన్.ఎమ్.–డబ్ల్యు.టి. 15000 అనే నంబరు ఇచ్చారు. మొదటి మూడక్షరాలు కెన్యా జాతీయ మ్యూజియానివి, తరువాతి రెండూ పశ్చిమ తుర్కానావి. కిమెయుకు 1985లో అమెరికా అధ్యక్షుడు రీగన్ చేతుల మీదుగా నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ పతకం లభించింది. ఆయన 2022లో కన్నుమూశాడు. కింది మెట్టున చేరి పనితనంతో పైకి వచ్చిన ఉద్యోగులు మన సంఘంలోనూ వున్నారు కనుక ఈ మాట ప్రత్యేకించి రాస్తున్నాను.

వెనక గదిలో పెట్టండి

నైరోబీ మ్యూజియం 2005లో మరమ్మతుల కోసం మూతపడింది. యూరోపియన్ యూనియన్ ఆర్థిక సహాయంతో భవనాన్ని కొత్తగా తీర్చిదిద్ది, అంతకుముందు భద్రంగా దాచి వుంచిన ఈ అసలు ఎముకలను ప్రజలకు చూపించాలని సంకల్పించారు. ఆ సంగతి బయటపడగానే 2006లో బిషప్ బోనిఫేస్ అడోయో అనే క్రైస్తవ మతాధికారి తీవ్రంగా అభ్యంతరం తెలిపాడు. ఆయన నైరోబీలోని పెంతెకోస్తు సంఘాల నాయకుడు. మానవుడు పరిణామం చెంది వచ్చాడన్నది తమ విశ్వాసానికి విరుద్ధమనీ, దానిని నిరూపితమైన సత్యంగా చూపించడం తగదనీ ఆయన వాదం. ఎముకలను ముందు హాలులో కాక వెనక గదిలో పెట్టాలనీ, ఇది ఒక సిద్ధాంతం మాత్రమేనని బోర్డు రాయాలనీ ఆయన కోరాడు. రిచర్డ్ లీకీ ఆ కోరికను ఘాటుగా ఖండించాడు. తగవు ప్రపంచ పత్రికలకు ఎక్కింది.

ఇక్కడ ఒక విశేషం వుంది. ఎముకలు వెతికిన లీకీల వంశం నాస్తికుల ఇంట మొదలైనది కాదు. లూయీ లీకీ తల్లిదండ్రులు ఇంగ్లండు నుంచి కెన్యాకు వచ్చిన క్రైస్తవ మిషనరీలు. ఆయన పుట్టినది నైరోబీ దగ్గరి కబెటె మిషనులోనే. బైబిలు చేతబట్టి వచ్చిన ఇంట్లోనే గడ్డపార చేతబట్టిన కొడుకు పుట్టాడన్నమాట.

'సిద్ధాంతం మాత్రమే' అన్న మాట గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మన వాడుకలో 'అది నీ సిద్ధాంతం' అంటే 'నీ ఊహ' అని అర్థం. విజ్ఞాన శాస్త్రంలో అలా కాదు. అనేక ఆధారాలను కలిపి వివరిస్తూ, పరీక్షకు నిలబడిన వివరణను సిద్ధాంతం అంటారు. రోగాలు సూక్ష్మజీవుల వల్ల వస్తాయన్నదీ ఆ అర్థంలో సిద్ధాంతమే. ఆ కారణంగా ఎవరూ మందు మానుకోరు.

2008 జూన్‌లో మ్యూజియం తలుపులు తెరిచారు. తుర్కానా కుర్రవాడు వెనక గదికి పోలేదు, ప్రదర్శనలోకే వచ్చాడు. అడోయో గారి సంఘం ప్రార్థనలూ మానలేదు. రెండూ ఆ ఊళ్ళోనే సాగుతున్నాయి.

నొప్పి ఎక్కడుంది?

అభ్యంతరం చెప్పినవారందరినీ మూఢులని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. కొన్నిచోట్ల ఆ అభ్యంతరం వెనుక పాత గాయం వుంటుంది. 2015 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలో 'హోమో నలేది' అనే కొత్త మానవ జాతి ఎముకలను లోకానికి చూపించారు. ఒక గుహలో కనీసం పదిహేను మంది ఎముకలు దొరికాయి. ప్రభుత్వ పెద్దలు వేడుక చేస్తుంటే, జ్వెలింజిమా వవి అనే కార్మిక సంఘ నాయకుడు ఒప్పుకోలేదు. నేను కోతి మనుమణ్ణి అని చెప్పడానికే ఈ ఎముకలు తవ్వారా అన్న ధోరణిలో ఆయన మాట్లాడాడు. అక్కడి చర్చి పెద్దలలోనూ ఆ మాటకు సానుభూతి కనిపించింది. నల్లవారిని తెల్లవారు తరతరాలుగా కోతులని తిట్టిన దేశమది. ఆ తిట్టు తిన్న చెవికి 'పూర్వీకుడు' అన్న మాట శాస్త్రంగా కాక తిట్టుగానే వినపడింది.

నిజానికి ఈ శాస్త్రం ఎవరినీ కోతి మనుమడని అనడం లేదు. చింపాంజీ మనకు తాత కాదు, వేలు విడిచిన జ్ఞాతి. అరవై డెబ్బై లక్షల సంవత్సరాల క్రితం ఒకే మూలపురుషుల నుంచి విడిపోయిన రెండు శాఖలు మనవీ వాటివీ. నేడు భూమి మీద వున్న మనుషులందరూ, తెల్లవారూ నల్లవారూ, ఆఫ్రికాలో పుట్టిన ఒకే జాతి వారు. సరిగ్గా చెబితే ఇది జాత్యహంకారానికి గొడ్డలిపెట్టు. కాని మ్యూజియాలు అన్ని కాలాలలోనూ దీనిని సరిగ్గా చెప్పలేదు. అందుకే న్యూయార్కు సంగతి చెప్పవలసి వస్తోంది.

న్యూయార్కు గది

1920 దశకంలో న్యూయార్కులోని అమెరికన్ సహజ చరిత్ర మ్యూజియంలో 'మానవ యుగం' పేరిట ఒక పెద్ద హాలు ఏర్పరచారు. దాని సూత్రధారి మ్యూజియం అధ్యక్షుడు హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్. గోడల మీద చార్లెస్ నైట్ అనే చిత్రకారుడు ఆదిమానవుల బొమ్మలు గీశాడు. 1924లో ఆ నగరంలోని కాల్వరీ బాప్టిస్టు చర్చి పాస్టరు జాన్ రోచ్ స్ట్రాటన్ ఈ హాలు మీద ధ్వజమెత్తాడు. ప్రజల పన్నుల సొమ్ముతో పిల్లల మనస్సులను పాడుచేస్తున్నారని ఆయన ఆరోపణ. ఆస్బర్న్ కూడా దైవభక్తుడే. విశ్వాసానికీ పరిణామానికీ వైరం లేదని పత్రికలలో రాసినవాడే.

ఈ తగవులో ఎవరిది ఒప్పు? పరిణామం జరిగిందన్న మూల విషయంలో ఆస్బర్న్‌దే ఒప్పు. కాని ఆయన హాలులో రెండు పెద్ద దోషాలున్నాయి. ఒకటి, మానవ జాతులను మెట్ల వరుసగా చూసి తెల్లవారిని పై మెట్టు మీద కూర్చోబెట్టే దృష్టి. 'మేలు జాతి' మనుషులే పిల్లలను కనాలనే వాదానికి ఆస్బర్న్ గట్టి సమర్థకుడు. ఆ వాదుల అంతర్జాతీయ మహాసభ 1921లో ఆ మ్యూజియంలోనే జరిగింది. రెండవది, ఆ హాలులో చూపించిన పూర్వీకులలో 'పిల్ట్‌డౌన్ మానవుడు' ఒకడు. వాడు అసలు పుట్టనే లేదు.

పిల్ట్‌డౌన్ కథ మన రికార్డు సెక్షను వారు తప్పక తెలుసుకోదగినది. 1912లో ఇంగ్లండులోని ససెక్స్ జిల్లాలో దొరికాయంటూ పుర్రె ముక్కలు, ఒక దవడ లండన్ పండితుల ముందుకు వచ్చాయి. మనిషి మెదడు, కోతి దవడ కలిసిన పూర్వీకుడు దొరికాడని చాలామంది నమ్మారు. నలభై ఏళ్ళు పాఠ్యగ్రంథాలలో నిలిచాడు. 1953లో కెన్నెత్ ఓక్లీ, జోసెఫ్ వైనర్, లె గ్రోస్ క్లార్క్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ ఎముకలను మళ్ళీ పరీక్షించి గుట్టు రట్టు చేశారు. పుర్రె మనిషిది, దవడ ఒరాంగుటాన్‌ది. పళ్ళు ఆకురాయితో అరగదీసినవి, రంగు పూసి పాతబరచినవి. పచ్చి ఫోర్జరీ.

పరిణామాన్ని ఒప్పుకోనివారు ఈ కథను తరచు ఎత్తి చూపుతారు. శాస్త్రజ్ఞులు ఒకసారి మోసపోయినప్పుడు మళ్ళీ మోసపోరని ఏమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని మోసం ఎలా పట్టుబడిందో గమనించండి. ఎముకలు మ్యూజియంలో భద్రంగా వుండబట్టి, కొత్త పరీక్షలు వచ్చినప్పుడు బయటికి తీయబట్టి పట్టుబడింది. ఎవరో ఒక పెద్దమనిషికి కోపం వచ్చి 1912లోనే వాటిని పారవేయించి వుంటే, పిల్ట్‌డౌన్ మానవుడు నేటికీ పుస్తకాలలో తిరుగుతూ వుండేవాడు. మన సర్వీసు రిజిస్టరులో తప్పు ఎంట్రీ పడితే ఏం చేస్తాం? ఎర్ర సిరాతో కొట్టివేసి, సరైనది రాసి, పక్కన అధికారి సంతకం చేయిస్తాం. పేజీ చింపెయ్యం. పేజీ చిరిగితే తప్పూ పోతుంది, దానితోపాటు ఒప్పును రుజువు చేసే దారీ పోతుంది. శాస్త్రజ్ఞులు పొరపాటు పడతారన్న మాట ఎముకలను దాచడానికి కారణం కాజాలదు. అందరికీ కనపడేలా వుంచడానికే అది కారణం.

కోర్టులో సర్కారు మ్యూజియం

స్ట్రాటన్ ఎత్తిన పన్నుల సొమ్ము ప్రశ్నకు జవాబు రావడానికి యాభై ఏళ్ళకు పైగా పట్టింది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ సర్కారు నిధులతో నడుస్తుంది. దానికి మూలధనం ఇచ్చినది జేమ్స్ స్మిత్సన్ అనే ఇంగ్లీషువాడు. అమెరికాలో ఒక్కనాడూ కాలు పెట్టని ఆ మనిషి, విజ్ఞానాన్ని పెంచి పదిమందికీ పంచే సంస్థ కోసమని తన ఆస్తిని వీలునామాలో ఆ దేశానికి రాశాడు. 1846లో సంస్థ ఏర్పడింది.

1978లో డేల్ క్రౌలీ అనే మతప్రచారకుడు మరికొందరితో కలిసి ఈ సంస్థ మీద దావా వేశాడు. సర్కారు సొమ్ముతో పరిణామ ప్రదర్శనలు పెట్టడమంటే ఒక రకం మతాన్ని ప్రభుత్వం పోషించడమేననీ, అది రాజ్యాంగ విరుద్ధమనీ ఆయన వాదించాడు. ప్రదర్శన ఆపాలి, లేదా బైబిలు సృష్టి కథకు కూడా అంత సొమ్మూ వెచ్చించాలి అన్నది కోరిక. కింది కోర్టు కొట్టివేసింది. 1980లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. న్యాయమూర్తుల హేతువు సూటిగా వుంది: ఆ ప్రదర్శనలు ప్రకృతి విజ్ఞానానికి సంబంధించినవి, ఏ మతాన్నీ పొగడలేదు, తెగడలేదు. మతభావం నొచ్చుకున్నవారు ఆ గదిలోకి వెళ్ళకుండా వుండవచ్చు. చూసి తెలుసుకోవాలనే ఇతరుల స్వేచ్ఛను మాత్రం వారు ఆపలేరు.

తీర్పు న్యాయమైనదే. కాని కోర్టు తీర్పు తగవును తీరుస్తుందే తప్ప మనస్సులను కలపదు. సర్వీసు మ్యాటర్లలో గెలిచినవారికీ ఓడినవారికీ ఇది అనుభవంలో వున్న విషయమే.

పిలిచి కూర్చోబెట్టారు

అదే స్మిత్సోనియన్ వారు తరువాత వేరే దారి తొక్కారు. సహజ చరిత్ర మ్యూజియానికి నూరేళ్ళు నిండిన రోజున, 2010 మార్చి 17న, మానవ మూలాల కొత్త హాలు ప్రారంభించారు. దాని బాధ్యుడు రిక్ పాట్స్ అనే శాస్త్రజ్ఞుడు. వివిధ మతాల ప్రతినిధులు, పండితులు వున్న ఒక సలహా సంఘాన్ని వారు ఏర్పాటు చేశారు. ఏ ఎముక వయస్సు ఎంత అని తేల్చే పని ఆ సంఘానిది కాదు. సందర్శకుల మనస్సులో ఏ ప్రశ్నలు పుడతాయి, వారిని చిన్నబుచ్చకుండా ఎలా మాట్లాడాలి అన్నంతవరకే. ఆ తరువాత 2015 నుంచి 2017 వరకు ఒక సంచార ప్రదర్శనను 19 ఊళ్ళ గ్రంథాలయాలకు తీసుకువెళ్ళి, స్థానిక మతపెద్దలతో కూర్చుని మాట్లాడారు. శాస్త్రంలో ఒక్క అక్షరం తగ్గించలేదు, మర్యాదలోనూ తగ్గలేదు.

మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు నేను ఆ హాలు చూశాను. ప్రవేశ రుసుము లేదు. ఆదిమానవుల కంచు విగ్రహాల పక్కన పిల్లలు నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. మా మనవడు అక్కడే అడిగాడు, "తాతయ్యా, మనుషుల్ని దేవుడు చేశాడని అమ్మమ్మ చెప్పింది గదా, మరి ఇదేమిటి?" అని. మా ఆవిడ తడుముకోకుండా, "నీకు అన్నం పెట్టినది ఎవరురా?" అంది. "అమ్మ" అన్నాడు. "బియ్యం?" "పొలంలో పండింది." "రెండూ నిజమే గదా" అంది. వాడు ఊరుకున్నాడు గాని, కారెక్కిన తరువాత "మరి పొలం ఎవరు చేశారు?" అని మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రశ్న తెగలేదు. తెగకపోవడమే మంచిదనిపించింది నాకు.

విశ్వాసుల మాట అంతా ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటు. 1996లో పోప్ రెండవ జాన్ పాల్, పరిణామ సిద్ధాంతాన్ని కేవలం ఊహగా చూడలేమని తమ విజ్ఞాన అకాడమీకి సందేశం పంపారు. మరోవైపు 2018లో జెరూసలేంలోని సహజ చరిత్ర మ్యూజియంలో, ఛాందస యూదు సందర్శకులు వచ్చినప్పుడు మానవ పరిణామ ప్రదర్శనకు తెర కప్పుతున్నారని పత్రికలు రాశాయి. చాలామంది విమర్శించారు. అతిథికి నొప్పి కలగకూడదన్న ఉద్దేశం మంచిదే. కాని తెర ఒకసారి వేయడం మొదలుపెడితే రేపు ఇంకొకరు ఇంకొక తెర అడుగుతారు.

మన సంగతి

మనకీ తగవు లేదు, దశావతారాలలో మత్స్యం, కూర్మం, వరాహం అంటూ పరిణామమే చెప్పారు గదా అని మనలో చాలామంది తేలికగా అనేస్తాం. పోలిక ముచ్చటగానే వుంటుంది. కాని అవతారాలు ఒకే భగవంతుడు దిగివచ్చిన కథ. పరిణామం కొమ్మలు కొమ్మలుగా చీలిన చెట్టు. ఒకదానిని రెండవదానితో రుజువు చెయ్యాలనుకుంటే రెంటికీ అన్యాయం చేసినవారమవుతాం. 'మాకు ముందే తెలుసు' అనడం కూడా ఎముకలను చూడకుండా తప్పించుకునే మార్గమే. అది మర్యాదగా వేసిన తెర.

మన తెలుగు నేలకు ఈ శాస్త్రంతో ఒక గట్టి సంబంధం వుంది. జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పరిణామ శాస్త్రానికి గణిత పునాది వేసిన ముగ్గురిలో ఒకడు. 1957లో భారతదేశానికి వచ్చి, 1961లో మన పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాశాడు, అలాగే జరిగింది. ఇతరుల ఎముకలు చూసి చదువుకున్న శాస్త్రానికి ఆ మనిషి తన ఎముకలనూ అప్పగించిపోయాడు.

మన సంఘంలో గుడికి వెళ్ళేవారున్నారు, చర్చికి, మసీదుకు వెళ్ళేవారున్నారు, ఎక్కడికీ వెళ్ళనివారూ వున్నారు. ఎవరి విశ్వాసం వారిది. గుడి గర్భాలయంలో ఏం వుండాలో మ్యూజియం చెప్పకూడదు, మ్యూజియం హాలులో ఏం వుండకూడదో గుడి చెప్పకూడదు. ఎముకను చూడగానే పోయే విశ్వాసం దాన్ని తాళం వేసి పెట్టినా ఎక్కువ కాలం నిలవదు. వేసవి సెలవులకు మనవలు వచ్చినప్పుడు దగ్గరలో వున్న మ్యూజియానికి ఒక పూట తీసుకువెళ్ళండి. వాళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిస్తే చెప్పండి, తెలియకపోతే కలిసి వెతకండి. దయచేసి ఆ గది ముందు నుంచి మాత్రం చెయ్యి పట్టుకుని లాక్కుపోకండి.